గ్రేట్‌ఫుల్ డెడ్ లైవ్ రికార్డింగులు: ఇన్ని వేల గంటలు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రీమాంట్_శ్రీను

2025 ఆగస్టులో మా ఆఫీసులో ఒక పెద్దాయన తన దగ్గర టికెట్ మిగిలిందని నన్ను శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కుకి తీసుకెళ్లాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ మొదలై 60 ఏళ్లయిందని, దాని పాత సభ్యులు కొందరున్న డెడ్ అండ్ కంపెనీ మూడు రోజులు వాయించింది కదా, అందులో ఒక రోజు. నాకు ఒక్క పాట కూడా తెలియదు. పక్కన డెబ్బై దాటినవాళ్లు, వాళ్ల మనవలు ఒకే పాట కలిసి పాడుతుంటే ఎందుకో గొంతు పూడుకుపోయింది. "నీకు నచ్చితే పాత రికార్డింగులు విను, అసలు సంగతి అక్కడుంది" అన్నాడాయన.

ఇంటికొచ్చి పాత రికార్డింగులు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు తెరిచాను. వేలకొద్దీ ఉన్నాయి. ఒకే తేదీకి నాలుగైదు రికార్డింగులు. ఎస్‌బీడీ అట, ఏయూడీ అట, మ్యాట్రిక్స్ అట. ఏదో ఒకటని 1980ల నాటిది నొక్కాను. మొదటి గంట బాగానే గడిచింది. ఆ తర్వాత చాలాసేపు ఒట్టి డ్రమ్స్, అవయ్యాక కూతలు, ఈలలు, గీకుడు. వంటింట్లోంచి మా ఆవిడ "స్టేషన్ దొరకట్లేదా?" అని అడిగింది. మర్నాడు ఇంకొకటి పెట్టాను, అదీ అంతే. ఆ రోజు పార్కులో కలిగింది ఈ రికార్డింగుల్లో నాకు దొరకడం లేదు. ఎవరైనా దారి చెప్పండి.

రాత్రిబండి

కార్నెల్ యూనివర్సిటీ కచేరీ. 5/8/77. ఇంకేం ఆలోచించకు బ్రో.

పాత_క్యాసెట్టు

కార్నెల్ మంచిదే, కాదనను. కానీ మొదటిరోజే "ఇదే అన్నిటికంటే గొప్పది" అని చేతిలో పెడితే, వినేవాడు పాట వినడం మానేసి గొప్పతనం ఎక్కడుందా అని వెతుకుతాడు. నాకు అదే జరిగింది.

నేను 1988లో చదువుకోవడానికి న్యూజెర్సీ వచ్చాను. హాస్టల్లో పక్కగది అబ్బాయి దగ్గర రెండు చెప్పుల డబ్బాల నిండా క్యాసెట్లు ఉండేవి. ఈ బ్యాండ్ తన కచేరీలను జనం రికార్డు చేసుకోనిచ్చింది, ఒకరికొకరు ఇచ్చుకోనిచ్చింది. అమ్మకూడదు, అంతే షరతు. అందుకని ఎవరి దగ్గర ఏ టేపు ఉందో కనుక్కుని, ఖాళీ క్యాసెట్లు, తిరుగు స్టాంపులు పోస్టులో పంపితే వాళ్లు కాపీ చేసి పంపేవాళ్లు. ముక్కూ మొహం తెలియనివాళ్లు! తొంభై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో వైపు నలభై అయిదు. పాట మంచి పట్టులో ఉండగా టేపు అయిపోయేది. నాకు ఇప్పటికీ కొన్ని పాటలు అక్కడే ఆగిపోతాయి, పూర్తి రికార్డింగు పెట్టినా చెవి ఒక్క క్షణం ఆగుతుంది.

శ్రీనూ, నువ్వు చేసిన పొరపాటు ఒక్కటే, 1980ల రెండో సెట్‌లో, అంటే విరామం తర్వాతి సగంలో దూకావు. 1965 నుంచి 1995 వరకు 30 ఏళ్లలో వీళ్లు దాదాపు 2,300 కచేరీలు చేశారు. ఏ రెండు రోజులూ ఒకే పాటల వరస లేదు. కాలాన్ని బట్టి బ్యాండ్ కూడా మారింది. కాబట్టి కచేరీ కంటే ముందు కాలాన్ని ఎంచుకో. నా మాట విని 1972లో మొదలుపెట్టు. అప్పటికి పాటలు బలంగా ఉన్నాయి, ఒక్కడే డ్రమ్మర్, గిటార్లు, పియానో, బేస్ విడివిడిగా వినపడతాయి. కొత్త చెవికి అంత తేటగా ఇంకే ఏడూ ఉండదు.

ఆస్టిన్_లక్ష్మి

క్యాసెట్టు గారూ, ఒక్క విషయంలో ఒప్పుకోను. ముందు స్టూడియో ఆల్బమ్‌లు వినాలి. వర్కింగ్‌మ్యాన్స్ డెడ్, అమెరికన్ బ్యూటీ, రెండూ 1970లోనే వచ్చాయి. ఒక్కోటి ముప్పావుగంట కూడా ఉండదు. పాట అసలు రూపం తెలియకపోతే వేదిక మీద దాన్ని ఎక్కడికి తీసుకెళ్లారో ఎలా తెలుస్తుంది? కీర్తన తెలిసినవాళ్లకే కదా, అందులో ఒక పాదాన్ని రకరకాలుగా పెంచి పాడే నెరవల్ రుచి!

నేను ముందు లైవ్ విని రెండేళ్లు దూరం పెట్టాను. తర్వాత కారులో అమెరికన్ బ్యూటీ విన్నాక రాబర్ట్ హంటర్ రాసిన మాటలు పట్టుకున్నాయి. అప్పుడు వెనక్కి వెళ్లాను.

రాత్రిబండి

కానీ అక్కా, స్టూడియోలో విన్నవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏదో పల్లెపాటల బ్యాండ్ అనుకుంటారు.

ఆస్టిన్_లక్ష్మి

ఆగిపోతే ఆగనీ. ఆ రెండు ఆల్బమ్‌లు విన్నా జీవితానికి లాభమే.

తబలా_తమ్ముడు

శ్రీను అన్నా, ఆ డ్రమ్స్ గురించి నేను మాట్లాడాలి, మనసు ఊరుకోవట్లేదు.

1978 నుంచి రెండో సెట్ మధ్యలో డ్రమ్స్, దాని వెనకే స్పేస్ అన్నది ఇంచుమించు ప్రతి కచేరీలో ఉంటుంది. మీరు విన్న కూతలూ గీకుడూ ఆ స్పేస్. బిల్ క్రాయిట్జ్‌మన్, మిక్కీ హార్ట్ ఇద్దరూ డ్రమ్స్ వాయించాక మిగతావాళ్లు వచ్చి పాట, తాళం ఏమీ లేకుండా ఒట్టి శబ్దంతో ఆడుకుంటారు. కొత్తవాళ్లు ఆ భాగం దాటేసినా తప్పులేదు, తర్వాత తిరిగి వస్తారు.

మిక్కీ హార్ట్ మన తబలా ఉస్తాద్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నాడు. జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో డిగా రిథమ్ బ్యాండ్ పేరుతో ఆల్బమ్ చేశాడు. 1991 నాటి ప్లానెట్ డ్రమ్‌లో జాకిర్ భాయ్‌తో పాటు ఘటం విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు, దానికి గ్రామీ వచ్చింది. ఈ బ్యాండ్‌కి ది ఎలెవెన్ అనే పాట ఉంది, పేరులోనే తాళం లెక్క ఉంది, పదకొండు. ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్ పది మీద నడుస్తుంది. ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ ఏడు మీద. తొడమీద తాళం వేస్తూ వినండి, తర్వాత నాకు చెప్పండి.

వయొలిన్_వాణి

తమ్ముడూ, లెక్కలవరకు సరే. కానీ డ్రమ్స్ అంటే మన కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం అని చాలామంది రాస్తుంటారు, అది మాత్రం సరికాదు. తనిలో ఎంత దూరం వెళ్లినా తాళం కింద నడుస్తూనే ఉంటుంది, చివర కోర్వై అనే ముగింపు లెక్క సరిగ్గా వచ్చి కూర్చోవాలి. ఇక్కడ ఆ కట్టుబాటు లేదు. కట్టుబాటు లేకపోవడమే వాళ్ల పద్ధతి. మన కచేరీ కొలతతో కొలిస్తే రెండింటికీ అన్యాయం.

నాకు పోలిక కనిపించేది ఇంకోచోట. ఒకరు ఒక చిన్న సంగతి వేస్తే పక్కవాళ్లు విని దాన్ని అందుకోవడం. ఫిల్ లెష్ బేస్ వాయించే తీరు చూడండి, వెనక నిలబడి శ్రుతి మోయడు, జెర్రీ గార్సియా గిటార్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పక్కవాద్యం బాగా కుదిరిన రోజు వేదిక మీద మాకు కలిగే ఆనందం అదే.

తబలా_తమ్ముడు

ఒప్పుకున్నాను వాణి గారూ. తని అన్న మాట నేనూ వాడేవాణ్ణి, ఇక వాడను.

ఫ్రీమాంట్_శ్రీను

అందరికీ థాంక్స్. ఒక సందేహం. రాత్రిబండి బ్రో చెప్పిన 5/8/77 కోసం ఆగస్టు 5 వెతికాను. ఆ తేదీన కచేరీయే లేదు.

రాత్రిబండి

మే 8 బ్రో! అమెరికా వాళ్ల లెక్కలో నెల ముందు. ఆ ఏడాది ఆగస్టులో కచేరీలు లేవు, జూన్‌లో మిక్కీ హార్ట్‌కి కారు ప్రమాదం జరిగి టూర్ ఆపేశారు.

పాత_క్యాసెట్టు

మళ్లీ మొదలుపెట్టింది సెప్టెంబరు 3న, న్యూజెర్సీ ఇంగ్లిష్‌టౌన్‌లో, లక్షకు పైగా జనంతో. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి కారులో అరగంట దూరం. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నేను అదే పెట్టుకుంటాను. పాత కచేరీలను విడుదల చేసిన డిక్స్ పిక్స్ వరసలో 15వ సంపుటంగా వచ్చింది.

మైకు_మోహన్

ఎస్‌బీడీ, ఏయూడీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకీ తెలుగు సంఘం ప్రోగ్రాములకీ సౌండ్ చూస్తున్నాను.

ఎస్‌బీడీ అంటే సౌండ్‌బోర్డ్, మిక్సర్ నుంచి నేరుగా తీసుకున్నది. శుభ్రంగా ఉంటుంది, మాట స్పష్టంగా వినపడుతుంది. కానీ ఆ మిక్స్ హాల్లో ఉన్న జనం కోసం చేసింది. చిన్న హాలయితే గిటార్ ఆంప్ శబ్దం వేదిక మీంచే సరిపోతుంది, బోర్డులో దాన్ని తక్కువ పెడతారు. టేపులో వింటే గొంతులు పెద్దగా, గిటార్ ఎక్కడో దూరంగా ఉంటుంది. అది బ్యాండ్ తప్పు కాదు.

ఏయూడీ అంటే ఆడియెన్స్, జనంలో మైకు పెట్టి తీసింది. హాలు గాలి, చప్పట్లు, కేకలు అన్నీ ఉంటాయి. మైకు పెట్టినవాడు తెలిసినవాడైతే అద్భుతం, పక్కవాడు వాగుడుకాయ అయితే నరకం. 1984 అక్టోబరు నుంచి టేపు చేసుకునేవాళ్లకి సౌండ్ బోర్డు వెనక ప్రత్యేకంగా చోటు ఇచ్చారు, స్టాండ్ల మీద మైకుల అడవి. మ్యాట్రిక్స్ అంటే ఈ రెండూ కలిపి సరిచేసింది.

శ్రీను గారూ, మీకు పార్కులో కలిగింది రికార్డింగులో దొరకలేదన్నారు. మీరు ఎస్‌బీడీ విని ఉంటారు. జనం లేని కచేరీ విన్నారన్నమాట. ఒకసారి మంచి ఏయూడీ గానీ మ్యాట్రిక్స్ గానీ ప్రయత్నించండి. ఆర్కైవ్‌లో కింద జనం రాసిన అభిప్రాయాలు చదివితే ఏ కాపీ బాగుందో తెలుస్తుంది.

ఫ్రీమాంట్_శ్రీను

అవును మోహన్ గారూ, ఎస్‌బీడీయే! రెండూ. జనం లేకపోవడమే నాకు వెలితి అనిపించిందేమో.

కడప_కిరణ్

డౌన్‌లోడ్ అవ్వట్లేదు కొన్ని. నాకు ఒక్కడికేనా?

మైకు_మోహన్

అందరికీ అంతే. 2005 నవంబరులో ఆర్కైవ్ నుంచి వీళ్ల రికార్డింగులు తీసేశారు, అభిమానులు గట్టిగా గొడవ చేస్తే మళ్లీ పెట్టారు. అప్పటినుంచి ఏయూడీలు దించుకోవచ్చు, సౌండ్‌బోర్డ్‌లు అక్కడే వినాలి. ఫోన్లో రీలిసన్ (Relisten) అనే యాప్ పెట్టుకోండి, ఆర్కైవ్‌లోవే తేదీల వారీగా వస్తాయి, ఉచితం.

సిద్ధు_సియాటిల్

అందరూ 72, 77 అంటున్నారు. 1974 మాట ఎవరూ ఎత్తరేం? వాల్ ఆఫ్ సౌండ్ అని ఇల్లంత స్పీకర్ల గోడ కట్టుకుని తిరిగిన ఏడాది. మా ఊళ్లో మే 21న ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్ 46 నిమిషాలు వాయించారు. ఒక్క పాట!

ఆస్టిన్_లక్ష్మి

కొత్తవాడికి 46 నిమిషాల పాట చెప్తున్నారా? మళ్లీ రాడు.

సిద్ధు_సియాటిల్

మొదటిరోజు కాదు మేడమ్. ఇలా వినమంటాను. ఆ పాటే 1971 లైవ్ ఆల్బమ్‌లో అయిదు నిమిషాలు కూడా లేదు. ముందు అది వినాలి. తర్వాత 1972లో ఏదో ఒకటి. తర్వాత సియాటిల్. విత్తనం, మొక్క, మాను చూసినట్టు ఉంటుంది. వంద కచేరీలు తిరగేసేకంటే ఒక పాటని పట్టుకుని మూడేళ్లు వెంట నడవడం నాకు ఎక్కువ నేర్పింది.

వయొలిన్_వాణి

ఇది చాలా మంచి సలహా. దాచుకున్నాను.

కడప_కిరణ్

ఆ ప్లేయింగ్ పాటలో వెనక ఒకావిడ అరుస్తుంది, శ్రుతి ఉండదు. అందుకే 70లు నాకు ఎక్కవు. సారీ.

ఆస్టిన్_లక్ష్మి

కిరణ్, ఆవిడ పేరు డోనా జీన్ గాడ్‌షో. ఈ బ్యాండ్‌లోకి రాకముందే అలబామాలోని మజిల్ షోల్స్‌లో స్టూడియో గాయని. ఎల్విస్ ప్రెస్లీ సస్పిషియస్ మైండ్స్‌లో కోరస్ గొంతుల్లో ఆవిడది ఒకటి. అలాంటామెకి శ్రుతి తెలియదనడం అన్యాయం. స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడిన మనిషిని అంత హోరులో నిలబెడితే తన గొంతు తనకే వినపడదు. 1977 వినండి, ఆవిడ గొంతు ఎంత బాగా కలిసిందో.

మైకు_మోహన్

మానిటర్, అంటే పాడేవాళ్లకి తమ గొంతు వినిపించే స్పీకర్, సరిగా లేకపోతే ఎంతటి గాయకులైనా అంతే. ఇది నేను కళ్లారా చూసిన విషయం. ఒక ఉగాది ప్రోగ్రాములో నిర్వాహకులు డబ్బు మిగులుతుందని మానిటర్లు వద్దన్నారు. పాపం ఆ పాడినమ్మాయి ఏడ్చింది. నాకు ఇప్పటికీ బాధ.

కడప_కిరణ్

సరే మేడమ్, 77 వింటా. అనేశాను గానీ ఆవిడ సంగతి నాకు తెలియదు.

పాత_క్యాసెట్టు

శ్రీనూ, 1972లో అన్నాను గానీ తేదీ చెప్పలేదు. ఆగస్టు 27, ఆరెగన్ రాష్ట్రం వెనీటా. స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాల డెయిరీ అప్పుల్లో ఉంటే దాన్ని నిలబెట్టడానికి చేసిన కచేరీ. పెరుగు డబ్బాల లేబుళ్ల మీద టికెట్లు అచ్చువేశారు. మండుటెండ, వంద ఫారెన్‌హీట్ దాటింది, వాద్యాల శ్రుతి నిలవడం లేదు. అయినా ఆ రోజు వాయించింది వింటుంటే ఇంకో రెండు గంటలు ఉంటే బాగుండనిపిస్తుంది. 2013లో సన్‌షైన్ డేడ్రీమ్ పేరుతో అధికారికంగా వచ్చింది, శబ్దం చాలా శుభ్రం.

మొదట ఒక్క చోటు విను. చైనా క్యాట్ సన్‌ఫ్లవర్ నుంచి ఐ నో యూ రైడర్‌లోకి వెళ్లే దారి. పాటల జాబితాలో రెంటి మధ్య బాణం గుర్తు ఉంటుంది, ఆపకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లారని అర్థం. మొదటి పాట ఎక్కడ అయిపోయింది, రెండోది ఎక్కడ మొదలైంది, గీత గీసి చూపించు. చూపించగలిగితే నీకు పెరుగన్నం పెట్టి పంపిస్తా.

రాత్రిబండి

పెరుగు డెయిరీ కోసం కచేరీ! మా నాన్నకి చెప్తే ఈ బ్యాండ్ మీద గౌరవం పెరుగుతుంది.

తబలా_తమ్ముడు

పెరుగుతుంది 👌

ఫ్రీమాంట్_శ్రీను

పది రోజులైంది. చెప్పిన వరసలో విన్నాను, వివరంగా రాస్తున్నాను.

ముందు లక్ష్మి గారి మాట విని అమెరికన్ బ్యూటీ రెండుసార్లు. తర్వాత వెనీటా. శనివారం శాక్రమెంటో వెళ్లి రావాల్సిన పని పడింది, పోను రాను మూడు గంటలకు పైనే. చైనా క్యాట్ దగ్గర ఆ గీత కోసం నాలుగుసార్లు వెనక్కి తిప్పాను క్యాసెట్టు గారూ. దొరకలేదు. ఒకరు ఇంకా పాత పాటలోనే ఉంటారు, ఇంకొకరు అప్పటికే కొత్తదాంట్లో ఉంటారు, కాసేపు రెండు పాటలూ నిజంగా ఒకేసారి ఉన్నాయి. ఒళ్లు జలదరించింది.

అందులోనే డార్క్ స్టార్ పాట మాత్రం అరగంట. మధ్యలో దారి తప్పాను, నిజం. మళ్లీ ఆ గీకుడు మొదలైంది, ఆపేద్దామనుకున్నాను. ఆపలేదు, ముందు ట్రాఫిక్ ఆగిపోయింది, చేసేదేం లేక వింటూ కూర్చున్నాను. ఆ శబ్దాల కలగాపులగంలోంచి మెల్లగా ఒక కౌబాయ్ పాట బయటికొచ్చింది, ఎల్ పాసో. ఎవరో చీకటి గదిలో కిటికీ తెరిచినట్టు. కారులో ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. అంత దూరం వెళ్లకపోతే ఆ పాటకి అంత వెలుగు రాదు. గీకుడు ఎందుకో కొంచెం అర్థమైంది.

పాత_క్యాసెట్టు

ఈ ఒక్క పోస్టు కోసం ఎన్ని క్యాసెట్లయినా కాపీ చేసి పంపొచ్చు.

వయొలిన్_వాణి

రెండు పాటలూ ఒకేసారి ఉన్నాయన్నారు చూడండి, సరిగ్గా అదే.

రాత్రిబండి

ఇప్పుడు కార్నెల్ వినొచ్చా? 😀

పాత_క్యాసెట్టు

ఇప్పుడు విను శ్రీనూ. బార్టన్ హాల్, మే 8. స్కార్లెట్ బెగోనియాస్ నుంచి ఫైర్ ఆన్ ది మౌంటెన్, చివర్లో మార్నింగ్ డ్యూ. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది దీన్నే. ఇంత పేరు రావడానికి సగం కారణం సౌండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్ జాక్సన్. ఆ రికార్డింగు ఆవిడది. ఆవిడ చెవి ఎలాంటిదంటే ప్రతి వాద్యానికీ దాని చోటు దానికుంటుంది. ఆవిడ టేపులున్న గోడౌను సామాను 1986లో వేలానికి పోయింది. అలా పోయిన టేపులు అభిమానుల చేతికి చేరాయి. బ్యాండ్ తరఫున కార్నెల్ వచ్చింది మాత్రం 2017లోనే.

ఇది అయ్యాక మే 7 బోస్టన్, మే 9 బఫలో కూడా విను. కార్నెల్ అంత పేరు లేదు గానీ అవీ అంతే బాగుంటాయి. కార్నెల్ ఆ వారంలో ఒక రాత్రి, అంతే.

సిద్ధు_సియాటిల్

క్యాసెట్టు గారూ, మీరు స్వయంగా చూసిన కచేరీ ఏదైనా చెప్పండి.

పాత_క్యాసెట్టు

1990 మార్చి, లాంగ్ ఐలండ్ నసావ్ కొలీజియం. మూడు రాత్రులు. నాకు 30వ తేదీ టికెట్ దొరికింది. ముందురోజు 29న సాక్సోఫోన్ కళాకారుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ వచ్చి వాళ్లతో వాయించాడు. ముందుగా పెద్ద సాధన ఏమీ లేదు. ఐస్ ఆఫ్ ది వరల్డ్ వింటే ఆయన ఆ బ్యాండ్‌లో పుట్టిపెరిగినట్టుంటుంది. మరుసటి రాత్రి గేటు దగ్గర అందరూ అదే మాట. ఒక్కరోజు తేడాతో పోయిందని అప్పుడు చాలా బాధపడ్డాను. రెండు వారాల్లో టేపు పోస్టులో వచ్చింది. పంపినాయన ఎవరో తెలియదు, కవరు లోపల "నువ్వు 30న ఉన్నావటగా, అది నాకు పంపు" అని చీటీ. 

1995 జులై 9న చికాగోలో చివరి కచేరీ. సరిగ్గా నెలకి, ఆగస్టు 9న, జెర్రీ పోయాడు. ఆ రాత్రి నేను ఆ నసావ్ టేపే పెట్టుకున్నాను.

తబలా_తమ్ముడు

29న ఐస్ ఆఫ్ ది వరల్డ్, ఈ రాత్రికి అదే.

విశాఖ_వర్ష

చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. ఇండియాలో ఆర్కైవ్ వస్తుందా? నాకు ఈ బ్యాండ్ పేరు తప్ప ఏమీ తెలియదు, శ్రీను గారి పోస్టు చదివాక వినాలనిపించింది.

మైకు_మోహన్

వస్తుందమ్మా, డబ్బు కట్టక్కర్లేదు. నెట్ నెమ్మదిగా ఉంటే ఎంపీ3 ఎంచుకో, ఫ్లాక్ జోలికి వెళ్లకు, ఒక్కో కచేరీ జీబీ దాకా ఉంటుంది.

విశాఖ_వర్ష

చైనా క్యాట్ నుంచి రైడర్, వింటున్నాను. రెండోసారి. గీత ఎక్కడుందో నాకూ దొరకలేదు.